నొప్పి నివారణలో కణ మార్పిడి

బతికున్న కణాలను రోగి శరీరంలోకి చేర్చి, అవి చేసే పని ద్వారా దీర్ఘకాలపు నొప్పిని తగ్గించే చికిత్సా ప్రయత్నాలన్నిటినీ కలిపి నొప్పి నివారణలో కణ మార్పిడి అంటారు. ఈ కణాలు రోగి సొంతవి కావచ్చు, మరో మనిషివి కావచ్చు, పశువులవీ కావచ్చు. నొప్పి ఎక్కడ పుడుతోందో, ఏ దారిన మెదడుకు చేరుతోందో చూసి వాటిని వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోనో, వెన్నుపాములోనో, కీలు సందులోనో, రక్తంలోనో ప్రవేశపెడతారు. 1980ల నడుమ ఎలుకల మీద ఊపందుకున్న ఈ పరిశోధన నలభై ఏళ్లలో అనేక పాయలుగా చీలింది. కొన్ని పాయలు రోగుల బతుకును మార్చాయి. కొన్ని ఎంతో ఆశ రేపి, కఠినమైన పరీక్ష ఎదురయ్యేసరికి ఆగిపోయాయి. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా తెలుస్తుంది. నొప్పికి కారణమేమిటో గుర్తించి, ఆ లోటును పూడ్చగల కణాన్ని అమర్చినచోట ఫలితం ఎక్కువగా నిలిచింది. నొప్పిని తగ్గించే రసాయనం ఊరితే చాలునని కణాన్ని మందు పంపులా వాడినచోట అది ఇంతవరకు రుజువు కాలేదు. ఈ వ్యాసం ఆ తేడాను ఆధారాలతో వివరిస్తుంది.

తెలుగులో నొప్పికి ఒక్క మాట సరిపోదు. తల పోటు అంటాం, పంటి సలుపు అంటాం, కాళ్లు పీకుతున్నాయంటాం, కడుపులో శూల అంటాం, అరికాళ్ల మంటలంటాం. వైద్యశాస్త్రం కూడా ఇలాంటి విభజనే చేస్తుంది. దెబ్బ తగిలినా వాచినా ఆ కండరమో కీలో పంపే హెచ్చరిక ఒక రకం. నరమే దెబ్బతిని, గాయం మానిన తరవాత కూడా సూదులు గుచ్చినట్టు, కాలినట్టు అనిపించడం మరో రకం. పైకి ఏ గాయమూ కనబడకున్నా నాడీమండలమే అతిగా స్పందించడం మూడోది. ఒకే కణం ఈ మూడింటినీ నయం చేస్తుందని ఆశించడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. అందువల్ల కణ మార్పిడి నొప్పికి పనిచేస్తుందా అని గుత్తగా అడిగితే జవాబు రాదు.

భావనకు పునాదులు

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ద్వార నియంత్రణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. ఒంట్లోంచి వచ్చే నొప్పి సంకేతం నేరుగా మెదడుకు పోదని, వెన్నుపాము వెనుక భాగంలోని చిన్న నాడీకణాలు దాన్ని హెచ్చించడమో తగ్గించడమో చేస్తాయని వారు వాదించారు. అందులోని వివరాలు తరవాత మారినా, వెన్నుపాములో నొప్పికి తలుపు లాంటిది ఉందన్న ఊహ నిలిచింది. 1975లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ పంది మెదడు నుంచి ఎన్కెఫలిన్లను వేరుచేశారు. మార్ఫిన్ పట్టుకునే గ్రాహకాలనే పట్టుకునే పదార్థాలను శరీరం తనంతట తానే తయారు చేసుకుంటుందని దీంతో రుజువైంది. 1979లో మార్ఫిన్‌ను నేరుగా వెన్నుపాము ద్రవంలోకి ఎక్కించి క్యాన్సర్ రోగులకు ఉపశమనం ఇచ్చారు. సిర ద్వారానో నోటి ద్వారానో ఇచ్చే మోతాదుతో పోలిస్తే అక్కడ ఇవ్వవలసింది చాలా తక్కువ.

ఈ మూడింటినీ కలిపితే కణ మార్పిడి ఆలోచన సహజంగానే వస్తుంది. వెన్నుపాము పక్కన నొప్పిని అణిచే పదార్థం చేరితే చాలనుకుంటే, దాన్ని రోజూ బయటినుంచి పోయడమెందుకు? దాన్ని తయారు చేసే కణాన్నే అక్కడ ఉంచితే సరిపోదా? మార్ఫిన్ పంపుకు మందు మళ్లీ మళ్లీ నింపాలి, గొట్టం దారిన క్రిములు సోకే ప్రమాదం ఉంది, రోగి శరీరం మందుకు అలవాటుపడి మోతాదు పెంచుకుంటూ పోవాలి. బతికున్న కణం ఈ ఇబ్బందులను తప్పిస్తుందని పరిశోధకులు ఆశించారు.

క్రోమాఫిన్ కణాల కథ

ఆ పనికి ఎంచుకున్నవి మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల లోపలి భాగపు కణాలు. క్రోమియం లవణాలు తగిలితే గోధుమ రంగుకు తిరుగుతాయి కాబట్టి వీటికి క్రోమాఫిన్ కణాలని పేరు. పిండదశలో నాడీకణాలు పుట్టే మూలం నుంచే ఇవీ పుడతాయి. అడ్రినలిన్, నారడ్రినలిన్‌లతోపాటు ఎన్కెఫలిన్లనూ విడుదల చేస్తాయి. నారడ్రినలిన్, ఎన్కెఫలిన్ రెండూ వెన్నుపాములో వేర్వేరు గ్రాహకాల ద్వారా నొప్పిని అణిచేవే. ఒకే కణం నుంచి రెండూ రావడం ఈ ఎంపికకు ప్రధాన కారణం.

1986లో చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జాక్వెలిన్ సేగన్, జార్జ్ పాపస్, వారి సహచరులు ఎలుకల వెన్నుపాము ద్రవంలో ఈ కణజాలాన్ని అమర్చారు. తోకకు వేడి తగిలించి ఎంతసేపటికి లాక్కుంటుందో, పాదాన్ని నొక్కితే ఎంత ఒత్తిడికి స్పందిస్తుందో కొలిచారు. క్రోమాఫిన్ కణాలను ప్రేరేపించే నికోటిన్‌ను కొద్ది మోతాదులో ఇచ్చినప్పుడు, కణాలు అమర్చిన ఎలుకల్లో నొప్పి స్పందన బాగా తగ్గింది. మార్ఫిన్ గ్రాహకాలను అడ్డుకునే నాలక్సోన్ ఇస్తే ఆ ఫలితం సన్నగిల్లింది. నారడ్రినలిన్ గ్రాహకాలను అడ్డుకునే ఫెంటోలమైన్ ఇచ్చినా అదే జరిగింది. అంటే ఉపశమనం రావడమే కాదు, ఏ పదార్థాల వల్ల వచ్చిందో కూడా తేలింది. ఈ రంగంలో ఇంత శుభ్రంగా కట్టిన ప్రయోగాలు అరుదు.

మనుషుల మీద మొదటి ఫలితాలూ ఆశాజనకంగానే ఉన్నాయి. 1993లో చికాగో బృందం ప్రకటించిన నివేదికలో, చివరి దశ క్యాన్సర్‌తో ఉన్న ఐదుగురికి దాతల అడ్రినల్ కణజాలాన్ని వెన్నుపాము ద్రవంలో అమర్చారు. వారిలో నలుగురికి నొప్పి తగ్గింది. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఈవ్ లాజోర్త్ బృందం 15 మందితో చేసిన అధ్యయనాన్ని 2000లో ప్రచురించింది. మేలు పొంది, ఎక్కువ కాలం పరిశీలనలో ఉన్న 12 మందిలో ఐదుగురికి వెన్నుపాములోకి మార్ఫిన్ ఎక్కించవలసిన అవసరమే లేకపోయింది, ఇద్దరికి మోతాదు తగ్గింది, మిగతా ఐదుగురికి పెంచకుండా సరిపోయింది. అయితే ఈ రెండు అధ్యయనాల్లోనూ పోల్చి చూడటానికి కణాలు అమర్చని మరో జట్టు లేదు.

దాతల గ్రంథులు దొరకడం కష్టం కాబట్టి అమెరికాలోని సైటోథెరప్యూటిక్స్ సంస్థ పశువుల క్రోమాఫిన్ కణాలతో ఒక సాధనం తయారు చేసింది. చూడటానికది సేమ్యా పోగంత సన్నటి గొట్టం: సుమారు మిల్లీమీటరు లావు, ఐదు సెంటీమీటర్ల పొడవు. దాని గోడ అతి సూక్ష్మమైన రంధ్రాల పొర. ప్రాణవాయువు, పోషకాలు, ఎన్కెఫలిన్ లాంటి చిన్న అణువులు ఆ రంధ్రాల్లోంచి అటూ ఇటూ పోగలవు. రోగి రక్షణ కణాలు, ప్రతిరక్షకాలు మాత్రం లోపలికి దూరలేవు. లోపల సుమారు 20 లక్షల కణాలు. నడుము దగ్గర వెన్నుపూసల మధ్య నుంచి గొట్టాన్ని ద్రవంలోకి జారవిడిచి, దాని తోకను చర్మం కింద బిగించేవారు. అవసరమైతే మొత్తాన్నీ వెనక్కి లాగేయవచ్చు. పశువు కణాన్ని మనిషి ఒంట్లో, తిరస్కరణను అణిచే మందులు లేకుండా బతికించడం అసాధారణమైన ఇంజనీరింగ్. స్విట్జర్లండ్‌లో ఏడుగురు రోగుల మీద చేసిన తొలి పరిశీలన 1996లో వెలువడింది. నెలల తరవాత బయటికి తీసిన గొట్టాల్లోనూ బతికున్న కణాలు కనిపించాయి.

తరవాతి అడుగు అసలైన పరీక్ష. తీవ్రమైన క్యాన్సర్ నొప్పితో ఉన్న 85 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు కణాలున్న గొట్టం, మరో జట్టుకు ఉత్తుత్తి చికిత్స ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, కొలిచే వైద్యునికీ తెలియదు. 1999 జూన్‌లో ఫలితాలు వచ్చాయి. రెండు జట్ల మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఆ కార్యక్రమం ఆగిపోయింది. సంస్థ పేరూ దారీ మార్చుకుంది.

పోలిక ఎందుకు తప్పనిసరి

ఎలుకల్లో అంత స్పష్టంగా పనిచేసినది, పోలిక లేని అధ్యయనాల్లో మనుషులకూ పనిచేసినట్టు కనబడినది, పోల్చి చూసినప్పుడు ఎందుకు తేలిపోయింది? ఒక ముఖ్యమైన జవాబు 1978 నాటి ప్రయోగంలో ఉంది. కాలిఫోర్నియాలో జాన్ లెవీన్, న్యూటన్ గోర్డన్, హోవర్డ్ ఫీల్డ్స్ జ్ఞానదంతం పీకించుకున్న రోగులకు ప్లాసిబో, అంటే మందు లేని సూది, ఇచ్చి చూశారు. కొందరికి నొప్పి తగ్గింది. నాలక్సోన్ ఇస్తే ఆ తగ్గుదల పోయింది. అంటే మందు అందిందన్న నమ్మకమే శరీరంలోని సొంత మార్ఫిన్ లాంటి పదార్థాలను విడుదల చేయిస్తుంది. మార్పిడి చేసిన క్రోమాఫిన్ కణం ఊర్చేదీ ఆ కుటుంబపు పదార్థాన్నే. కాబట్టి ఉపశమనం నిజమే అయినా అది గొట్టంలోని కణం వల్ల వచ్చిందా, చికిత్స మీది ఆశ వల్ల వచ్చిందా అన్నది రోగి అనుభవాన్ని బట్టి తేల్చలేం. పోలిక జట్టు ఒక్కటే ఆ పని చేయగలదు.

శస్త్రచికిత్స ఎంత పెద్దదైతే ఈ ప్రభావం అంత బలంగా ఉండవచ్చు. అమెరికాలోని హ్యూస్టన్‌లో మోకాలి ఆస్టియోఆర్థరైటిస్, అంటే కీలు అరుగుదల, ఉన్న 180 మంది మీద చేసి 2002లో ప్రచురించిన ప్రయోగం ఇందుకు గట్టి సాక్ష్యం. కీలులోకి గొట్టం పంపి శుభ్రం చేసిన వారికీ, చర్మం మీద కోత పెట్టి కుట్టేసిన వారికీ నొప్పిలో తేడా రాలేదు. కణ మార్పిడిలో సూది ఉంటుంది, తరచూ శస్త్రచికిత్సా ఉంటుంది, దానిమీద మూలకణం అన్న మాట రేపే ఆశ ఉంటుంది. ఇన్ని కలిసినచోట పోలిక లేని ఫలితాన్ని రుజువుగా తీసుకోవడం పొరపాటు.

దీనికొక బలమైన అభ్యంతరం ఉంది. 1999 పరీక్షలో 20 లక్షల కణాలు మనిషి వెన్నుపాముకు చాలకపోయి ఉండవచ్చు, పొర లోపల బంధించిన కణం స్వేచ్ఛగా ఉన్న కణంలా పనిచేయకపోవచ్చు, అందువల్ల తులూజ్ ఫలితాలను కొట్టిపారేయకూడదని కొందరు అంటారు. అది న్యాయమైన మాటే. ఒక సాధనం విఫలమైతే ఆలోచన మొత్తం విఫలమైనట్టు కాదు. కానీ మోతాదు చాలలేదన్నది ఒక ఊహ, దాన్ని కూడా పోలిక పరీక్షతోనే తేల్చాలి. మరో అభ్యంతరం మానవీయమైనది: నొప్పి తగ్గిందని రోగి చెబుతుంటే కారణంతో పనేమిటి? వెన్నుపాము ద్రవంలోకి పరాయి కణాలను పంపడంలో క్రిములు సోకే ప్రమాదం ఉంది, ఖర్చు ఉంది, గొట్టంలో బంధించని కణాలైతే తిరిగి తీయలేని మార్పు ఉంది. నమ్మకం ఇచ్చే ఉపశమనం కోసమే అయితే ఇంతటి ప్రమాదంలోకి రోగిని దించడం సమర్థనీయం కాదు.

తెగిన వలయాన్ని కలపడం

నరం దెబ్బతిన్నప్పుడు వెన్నుపాములో గాబా అనే రసాయనంతో సంకేతాలను అణిచే నాడీకణాల పట్టు సడలుతుంది. అప్పుడు చొక్కా రాసుకున్నా మంటగా అనిపిస్తుంది. ఇక్కడ లోపించినది ఫలానా పని అని చెప్పగలం కాబట్టి, ఆ పని చేసే కణాన్నే తిరిగి అమర్చాలన్న ఆలోచన వచ్చింది. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జోవో బ్రాజ్, అలన్ బాస్‌బామ్, వారి సహచరులు పిండదశ ఎలుకల ముందు మెదడు నుంచి నిరోధక నాడీకణాల పూర్వకణాలను తీసి, నరం దెబ్బతిన్న ఎదిగిన ఎలుకల వెన్నుపాములో పెట్టారు. అవి బతికి, పరుచుకుని, ఆతిథేయ నాడీకణాలతో సంధానం కుదుర్చుకున్నాయి. తాకితే కలిగే అతి సున్నితత్వం పోయింది. క్యాన్సర్ మందు పాక్లిటాక్సెల్ కలిగించే నరాల నొప్పి మీద 2015లో ఇదే పద్ధతిని పరీక్షించారు. ఈసారి గాబాను విడుదల చేయలేని కణాలను కూడా అమర్చి చూశారు. అవి వెన్నుపాములో కుదురుకున్నా నొప్పిని తగ్గించలేకపోయాయి. కణం ఉండటం చాలదు, అది తన పని తాను చేయాలని ఈ పోలిక తేల్చింది. నిరోధక నాడీకణాలను ఇప్పుడు మానవ మూలకణాల నుంచీ తయారు చేస్తున్నారు. అయినా ఎలుక నుంచి మనిషికి మధ్య ఉన్న దూరాన్ని క్రోమాఫిన్ కథ గుర్తు చేస్తూనే ఉంటుంది.

వలయంలో చేరే కణం వలయాన్ని చెడగొట్టనూ గలదు. స్వీడన్‌లోని కరోలిన్స్కా సంస్థ పరిశోధకులు వెన్నుపాము దెబ్బతిన్న ఎలుకల్లో నాడీ మూలకణాలను పెట్టి 2005లో ప్రకటించిన ఫలితం ఇందుకు హెచ్చరిక. వెనుక కాళ్ల కదలిక మెరుగైంది కాని, దెబ్బ తగలని ముందు కాళ్లలో కొత్తగా నొప్పి మొదలైంది. నరాల తంతువులు అవాంఛిత మొలకలు వేయడమే కారణమని, మూలకణాలు ఏ రకం కణాలుగా మారతాయో అదుపు చేస్తే ఆ నొప్పి రాదని వారు చూపారు. మేలు కోసం పెట్టిన కణమే నొప్పి పుట్టించవచ్చన్న ఈ అవకాశాన్ని మరవకూడదు.

మజ్జ కణాలు, మోకాళ్లు

సామాన్యులు మూలకణ చికిత్స అని వినేది ఎక్కువగా ఎముక మజ్జ, కొవ్వు, బొడ్డుతాడుల నుంచి తీసే మీసెంకైమల్ కణాల గురించే. అవి మోకాలిలో చేరి కొత్త మృదులాస్థిగా మారతాయన్న ప్రచారం జోరుగా ఉంది. అవి చేసే మేలు ప్రధానంగా అవి ఊర్చే పదార్థాల వల్లేనని పరిశోధకులు ఇప్పుడు భావిస్తున్నారు. డ్యూక్ విశ్వవిద్యాలయంలో రూ-రోంగ్ జీ బృందం 2015లో, నరాల నొప్పి ఉన్న ఎలుకల వెన్నుపాము ద్రవంలోకి మజ్జ కణాలను ఒక్కసారి ఎక్కిస్తే వారాలపాటు ఉపశమనం కలిగిందని, ఆ కణాలు విడుదల చేసే టీజీఎఫ్-బీటా అనే ప్రోటీనే అందుకు కారణమని చూపింది. ఇదీ ఆసక్తికరమైన ఆధారమే. కాని ఇది మళ్లీ కణాన్ని పంపుగా వాడటమే కాబట్టి, క్రోమాఫిన్ కణాలకు ఎదురైన ప్రశ్న దీనికీ ఎదురవుతుంది.

మోకాలి విషయంలో ఆ ప్రశ్నకు పెద్ద జవాబు 2023లో వచ్చింది. అమెరికాలో 475 మంది మోకాలి ఆస్టియోఆర్థరైటిస్ రోగులను నాలుగు జట్లుగా విడదీశారు. మూడు జట్లకు మజ్జ, కొవ్వు, బొడ్డుతాడుల నుంచి తీసిన కణాలు, నాలుగో జట్టుకు చవకగా దొరికే స్టీరాయిడ్ సూది ఇచ్చారు. ఏడాది తరవాత నాలుగు జట్లలోనూ నొప్పి తగ్గింది. కాని ఏ కణమూ స్టీరాయిడ్‌ను మించలేదు. మృదులాస్థిలో స్పష్టమైన గుంట పడినచోట రోగి సొంత మృదులాస్థి కణాలను పెంచి నింపే పద్ధతి దీనికి భిన్నం. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వైద్యులు 1994లో 23 మంది ఫలితాలు ప్రకటించారు. తొడ ఎముక చివర గుంట ఉన్న 16 మందిలో 14 మందికి మంచి ఫలితం వచ్చింది, మోకాలి చిప్ప వెనుక లోపమున్న ఏడుగురిలో ఇద్దరికే వచ్చింది. ఎక్కడ అమరుస్తామన్నది ఎంత ముఖ్యమో ఈ అంకెలే చెబుతాయి. ఆ తరవాత నార్వేలో 80 మంది మీద చేసిన పోలికలో, ఎముకలో చిన్న రంధ్రాలు పొడిచే సులువైన పద్ధతి కంటే ఇది రెండేళ్లకు మెరుగని తేలలేదు. కాబట్టి కారణానికి తగిన కణమైనా పోలిక నుంచి మినహాయింపు కోరజాలదు.

కారణాన్నే తొలగించే మార్పిడి

కణ మార్పిడి నొప్పి మీద అత్యంత స్పష్టంగా గెలిచిన చోటు సికిల్ సెల్ వ్యాధి. ఇందులో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. రక్తం అందని ఎముకలు, కండరాలు భరించలేని నొప్పిని పుట్టిస్తాయి. ఆ దాడులు చిన్నతనం నుంచే మొదలవుతాయి. దాత ఎముక మజ్జ కుదిరితే కొత్త రక్తకణాలు వంగవు, దాడులు ఆగుతాయి. సరిపోయే దాత దొరకని రోగుల సొంత మూలకణాలనే తీసి, జన్యువును సవరించి, తిరిగి ఎక్కించే క్యాస్‌జెవీ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. అమెరికా అనుమతికి ఆధారమైన పరీక్షలో, ఫలితం లెక్కించగలిగిన 31 మందిలో 29 మందికి కనీసం పన్నెండు నెలలు వరుసగా తీవ్రమైన నొప్పి దాడి రాలేదు. ఈ విజయానికి వెల ఎక్కువే. కొత్త కణాలకు చోటు చేయడానికి పాత మజ్జను తీవ్రమైన కీమోథెరపీతో నిర్మూలించాలి. ఖర్చు మామూలు కుటుంబాలకు అందనంత. ఆంధ్రప్రదేశ్ మన్యంలోనూ తెలంగాణలోని ఆదిలాబాద్ ప్రాంతంలోనూ గిరిజన కుటుంబాల్లో ఈ వ్యాధి ఉంది. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. అక్కడి పిల్లలకు తక్షణం కావలసినవి ముందుగా గుర్తింపు, దాడులను తగ్గించే హైడ్రాక్సీయూరియా మాత్ర, దాడి వచ్చినప్పుడు అందే నొప్పి మందు.

క్లోమం దీర్ఘకాలం వాచి ఉండే వ్యాధిలో మార్పిడి మరో రకంగా సాయపడుతుంది. నొప్పి తాళలేని కొందరికి క్లోమాన్ని మొత్తంగా తీసివేస్తారు. ఇన్సులిన్ లేక వచ్చే తీవ్రమైన మధుమేహాన్ని నివారించడానికి, తీసిన క్లోమం నుంచే ఇన్సులిన్ తయారుచేసే ఐలెట్ కణాలను వేరుచేసి రోగి కాలేయంలోకి ఎక్కిస్తారు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1977లో ఇది మొదలైంది. ఇక్కడ నొప్పిని తీసేది శస్త్రచికిత్స, ఆ శస్త్రచికిత్సను భరించదగినదిగా చేసేది కణం. ఈ రెండు ఉదాహరణల్లోనూ ఒక పరిమితి కనబడుతుంది. ఏళ్ల తరబడి బాధపడిన కొందరిలో కారణం తొలగినా నొప్పి మిగులుతుంది. ఎముకకు జరిగిన నష్టం ఉండిపోతుంది, నాడీమండలం కూడా నొప్పికి అలవాటుపడి ఉంటుంది. కారణాన్ని సరిచేసే చికిత్స ఎంత ముందు అందితే అంత మేలని దీన్నిబట్టి అర్థమవుతుంది.

రోగికి ఇప్పుడు దక్కవలసినది

భారత వైద్య పరిశోధన మండలి, జీవసాంకేతిక శాఖ కలిసి 2017లో వెలువరించిన మార్గదర్శకాలు, రక్తవ్యాధుల వంటి ఆమోదిత అవసరాలకు చేసే మజ్జ మార్పిడిని మినహాయించి, అనుమతి పొందిన ప్రయోగం వెలుపల మూలకణాలు వాడటాన్ని అనైతికమని, వృత్తి దుర్వినియోగమని చెప్పాయి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ప్రయోగాల నియమాలు మూలకణ ఉత్పత్తులను కొత్త మందులుగానే లెక్కిస్తాయి. ఇవి పరిశోధనకు అడ్డుకట్టలని కొందరి ఫిర్యాదు. అయితే విదేశీ క్లినిక్‌లలో వెన్నుపాము ద్రవంలోకి కణాలు ఎక్కించుకున్న ఒక రోగి వెన్నులో పరాయి కణాలతో కణితి లాంటి పెరుగుదల ఏర్పడినట్టు 2016లో వైద్య పత్రికల్లో నమోదైంది. కణం మాత్రలా ఒంట్లోంచి వెళ్లిపోదు, విభజన చెందుతుంది, వలస పోతుంది. అందుకే దానికి మాత్ర కంటే కఠినమైన నిబంధన ఉండాలి.

మృత్యువుకు దగ్గరైన క్యాన్సర్ రోగి పరీక్షల ఫలితాల కోసం ఆగలేడన్నది చివరి అభ్యంతరం. అది అక్షరాలా నిజం. అయితే ఆ రోగికి ఆగవలసిన అవసరమే లేదు. ఎలుకల మీద తొలి క్రోమాఫిన్ ప్రయోగం వెలువడిన 1986లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి మెట్లవారీ మందుల పద్ధతిని ప్రకటించింది. దాని పై మెట్టు మార్ఫిన్. అది చవకైనది, దశాబ్దాలుగా నిరూపితమైనది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టపు కఠిన నిబంధనల వల్ల ఆసుపత్రులు దాన్ని దగ్గర ఉంచుకోవడానికే వెనుకాడాయి. 2014లో చట్టాన్ని సవరించి దారి సుగమం చేశారు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉపశమన చికిత్సా విభాగం ఈ మందును నిత్యం వాడుతున్న చోట్లలో ఒకటి. రుజువుకాని కణం కోసం కుటుంబాలు పొలాలు అమ్ముకునే పరిస్థితి రాకుండా ఉండాలంటే, రుజువైన మాత్ర ప్రతి జిల్లా ఆసుపత్రిలో దొరకాలి.

కణ మార్పిడి ఇచ్చే ఆశ అసలైనదే. రక్తాన్ని మార్చి నొప్పి దాడులను ఆపగలిగిన శాస్త్రం, సడలిన నిరోధక వలయాన్ని మనుషుల్లోనూ ఒకనాడు తిరిగి బిగించగలదని నమ్మడానికి ఆధారాలున్నాయి. ఆ రోజు వచ్చేదాకా ఏ కణ చికిత్స గురించి విన్నా మూడు ప్రశ్నలు అడగాలి. ఇది ఏ నొప్పికి? ఈ కణం అక్కడ చేసే పని ఏమిటి? దేనితో పోల్చి చూశారు? మూడో ప్రశ్నకు జవాబు చెప్పలేని చికిత్సకు రోగి డబ్బు కట్టవలసిన పని లేదు, తన వెన్నును ఒప్పగించవలసిన పని అంతకన్నా లేదు.